ఇంటి ఫోటో ప్రింటరు – సిరా చిక్కులు

గత సంవత్సరము వైశాఖమాసమున, మా తండ్రిగారి ఆబ్దికమునకు ముందటి దినమున, మా ఇంట ఒక చిక్కు సంభవించినది. ఆయన ఉద్యోగములో చేరిన క్రొత్తలో తీయించుకొన్న నలుపు తెలుపుల ఫోటో ఒకటి మావద్ద ఉన్నది. అరచేతిలో ఇమిడిపోవునంతటి కాగితము. అంచులు చిరిగి, ముఖము క్రమముగా వెలిసిపోవుచున్నది. దానిని కంప్యూటరులోనికి ఎక్కించి, మచ్చలు తొలగించి, పెద్దదిగా ముద్రించి పటము కట్టించవలెనని సంకల్పించుకొంటిమి. ఇంట ఫోటోలు ముద్రించు ప్రింటరు ఉండనే ఉన్నది. సంక్రాంతికి వచ్చిన పిల్లల ఫోటోలన్నియు దానిమీదనే ముద్రించితిమి. ఆ తరువాత నాలుగు మాసములు దానిని ముట్టుకొన్నవారు లేరు.

కాగితము బయటికి వచ్చినది. ముఖము ఆకుపచ్చగా ఉన్నది. మా మేనత్తగారు కండ్లజోడు సవరించుకొని చూచి, "ఇదేమిట్రా, అన్నయ్య మొహానికి పసరు పూసినట్టుంది!" అన్నారు. ఎరుపు సిరా అయిపోయినదని మేము నిశ్చయించుకొని, బజారుకు పోయి క్రొత్త కార్ట్రిడ్జి తెచ్చి అమర్చితిమి. ముఖము ఆకుపచ్చగానే వచ్చినది. నీలమునకు గూడ క్రొత్తది తెచ్చితిమి. ఫలితము లేదు. ఖరీదైన ఫోటో కాగితములు ఎనిమిది పాడైన తరువాత, ప్రింటర్లు బాగుచేయు కుర్రవాడొకడు వచ్చి, మేము తెచ్చిన కార్ట్రిడ్జీలవంక చూడనైనను చూడక, "దీని హెడ్డు ఎక్కడుందో మీకు తెలుసాండీ?" అని అడిగినాడు. మాకు తెలియదు. ఆ ఒక్క సంగతి ముందే తెలిసియుండినచో ఆ రెండు కార్ట్రిడ్జీల ఖర్చు మాకు తప్పియుండెడిది. కావున మొదట ఆ సంగతియే చెప్పెదము.

ఇండ్లలో వాడు ఈ ప్రింటర్లు సిరాను చిమ్మి బొమ్మను తయారు చేయును. తలవెంట్రుకకన్న సన్నని రంధ్రములు వందలకొలదిగా ఒక చిన్న పలకపై వరుసలు తీరియుండును. ఆ పలక గల భాగమునే హెడ్డు అందురు. అది కాగితముపై అటు నిటు పరుగిడుచు, ఏ రంగు ఎక్కడ కావలెనో అక్కడ బిందువులు విడుచును. మంచి ఫోటో ప్రింటరులో ఒక్కొక్క బిందువు ఒకటి రెండు పికోలీటర్లకు మించదు. పికోలీటరనగా లీటరులో లక్ష కోట్లవ భాగము. ఆకుపై నిలిచిన మంచుబొట్టు దీనిముందు చెరువువంటిది. ఇంత సన్నని దారిలో ఎండిన సిరా ఇసుమంత అడ్డుపడినను ఆ రంధ్రము పనిచేయదు.

బిందువును బయటికి నెట్టుటకు రెండు ఉపాయములు వాడుకలో ఉన్నవి. మొదటిది వేడి. 1977లో జపానులోని కేనన్ కంపెనీ ప్రయోగశాలలో, కాలియున్న సోల్డరింగు ఇనుము సిరా నింపిన పిచికారీ సూదికి తగులగా కొసనుండి సిరా చిమ్మినదనియు, అదియే తమ యంత్రమునకు మూలమైనదనియు ఆ కంపెనీవారు చెప్పుదురు. అమెరికాలో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీవారు స్వతంత్రముగా ఈ మార్గమునే పట్టి 1984లో థింక్‌జెట్ అను ప్రింటరును విడుదల చేసిరి. రంధ్రము వెనుకనున్న సన్నని తీగవంటి పొర సెకనులో పదిలక్షలవ భాగములు కొన్ని గడచులోపలనే 300 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమునకు వేడెక్కును. సిరాలో బుడగ పుట్టి బిందువును ముందుకు త్రోయును. రెండవది స్ఫటికము. విద్యుత్తు తగిలినపుడు కొన్ని స్ఫటికములు వంగును. వంచినపుడు విద్యుత్తు నిచ్చును. ఈ గుణమును 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు జాక్, పియరీలు కనుగొనిరి. రేడియో శ్రోతలకు ఇది పరాయి సంగతి కాదు. ప్రసారకేంద్రముల తరంగమును దాని స్థానమునుండి తొలగకుండ నిలిపినదియు, పాత గ్రామఫోనులలో సూది కదలికను ధ్వనిగా మార్చినదియు ఇట్టి స్ఫటికములే. ఎప్సన్ కంపెనీ ప్రింటర్లలో ఆ గుణముగల పదార్థము వంగి సిరాను నెట్టును. వేడి ప్రసక్తి లేదు.

ఈ భేదము మన జేబుకు సంబంధించినది. వేడితో పనిచేయు హెడ్డును చౌకగా చేయవచ్చును గనుక, అనేక యంత్రములలో దానిని కార్ట్రిడ్జికే అతికించి అమ్ముదురు. స్ఫటికపు హెడ్డు ఖరీదైనది గనుక యంత్రములోనే స్థిరముగా ఉండును. వేడితో పనిచేయు వానిలో గూడ హెడ్డు వేరుగా యంత్రమునందే ఉండునవి కొన్ని కలవు. కావున పేరునుబట్టి నిర్ణయింపరాదు. కార్ట్రిడ్జిని తీసి తిరగవేసి చూడవలెను. అడుగున సన్నని రంధ్రముల వరుసలు గల మెరుగు పలకయు, ప్రక్కన రాగి చుక్కల వరుసయు ఉన్నచో హెడ్డు దానిలోనే ఉన్నది. క్రొత్త కార్ట్రిడ్జి వేసినచో హెడ్డుగూడ క్రొత్తదగును, జబ్బు పోవును. సిరా దిగుటకు ఒక్క ద్వారమును, గోరంత చిప్పును మాత్రమే ఉన్నచో హెడ్డు యంత్రములో ఉన్నది. అప్పుడు సిరా గూడు కట్టినది అక్కడ. మనము మార్చినది ఇక్కడ. మా ఇంటి యంత్రము ఈ రెండవ జాతిది.

ఏ రంగు రాలేదో ఫోటోను చూచి ఊహించుటకన్న యంత్రమునే అడుగుట మేలు. ప్రతి ప్రింటరులోను నాజిల్ చెక్ అనియో, పరీక్షా పుట అనియో ఒక సదుపాయము ఉండును. దానిని మామూలు తెల్లకాగితముపై నడిపినచో ఒక్కొక్క రంగునకు సన్నగీతల గళ్ళు ఒక్కొక్కటి ముద్రితమగును. గీత ఎక్కడ తెగినదో అక్కడి రంధ్రము మూసికొన్నది. గడి మొత్తము కనబడనిచో ఆ రంగు అసలు దిగుటయే లేదు. పసుపు గీతలు తెల్లకాగితముపై కంటికి ఆనవు. పట్టపగటి వెలుగులో, వీలైనచో నీలపు గాజుకాగితము అడ్డుపెట్టి చూడవలెను. మా కుర్రవాడు మొదట చేసినపని ఇదియే. ఆరు రంగులలో ఐదు గళ్ళు నిండుగా ఉన్నవి. మెజెంటా అను గులాబి ఎరుపు గడిలో నాలుగైదు ముక్కలు తప్ప ఏమియు లేదు.

నలుపు తెలుపుల ఫోటోకు ఆకుపచ్చ ఎట్లు వచ్చినదని మీకు సందేహము కలుగవచ్చును, మాకును కలిగినది. ఫోటోలోని బూడిదఛాయను ఈ యంత్రములు కేవలము నలుపు సిరాతో చేయవు. సియాన్ అను లేత నీలము, మెజెంటా, పసుపు పాళ్ళు కుదిర్చి చేయును. మెజెంటా తప్పుకొన్నచో మిగిలిన నీలమును పసుపును కలిసి ఆకుపచ్చ అగును. సియాన్ రానిచో ముఖము ఎరుపెక్కును. పసుపు రానిచో నీలివంగపండు ఛాయకు తిరుగును. ఉత్తరములు నల్లగా చక్కగా వచ్చుచున్నవి గదా, ఫోటోలేల చెడినవని అడుగువారుందురు. చాల యంత్రములలో అక్షరములకు వేరొక నలుపు సిరా ఉండును. అది మెరుగు కాగితముపై పడదు. కావున అక్షరములు బాగున్నవన్నంత మాత్రమున ఫోటో రంగులు బాగున్నట్లు కాదు.

గీతలు తెగలేదుగాని ఫోటోలో అంచులు రెండుగా కనబడుచున్నచో, నిలువుగీతలు వంకరలు పోవుచున్నచో అది సిరా జబ్బు కాదు. హెడ్డు వరుస తప్పినది. అలైన్‌మెంటు అను సదుపాయముతో అది సరియగును.

ఇక శుభ్రపరచుట. ప్రింటరులో హెడ్ క్లీనింగ్ అను ఆజ్ఞ ఇచ్చినపుడు లోపలి చిన్న పంపు హెడ్డు రంధ్రములగుండ సిరాను బలముగా పీల్చును. ఎండిన సిరా దానితో కొట్టుకొనిపోవలెనని ఉద్దేశము. ఒక రంగునకే జబ్బు ఉన్నను చాల యంత్రములలో అన్ని రంగుల సిరాయు ఖర్చగును. కావున ఒకసారి శుభ్రపరచి, పరీక్షా పుట తీసి, గీతలు పెరిగినవో లేదో చూడవలెను. మెరుగు కనబడినచో మరియొకసారి చేయవచ్చును. మూడు మారులకును కదలనిచో ఆపివేయవలెను. ఇక్కడనే మనలో చాలమంది పట్టుదలకు పోయి పది, పదిహేను మారులు మీట నొక్కుదురు. కార్ట్రిడ్జీలు ఖాళీ యగునుగాని గూడు వదలదు.

ఆపిన తరువాత ఏమి చేయవలెను? ఏమియు చేయవలదు. రాత్రి యంతయు దానిని అట్లే వదలవలెను. శుభ్రపరచినపుడు హెడ్డులోనికి వచ్చిన క్రొత్త సిరా, ఎండిన దానిని తాకి మెల్లగా నానబెట్టును. నడుమ చిక్కిన గాలిబుడగలు గూడ ఆ వ్యవధిలో సర్దుకొనును. చాల కంపెనీల సూచన పుస్తకములలో ఆరు గంటలో పండ్రెండు గంటలో ఆగి మరల ప్రయత్నింపుడని వ్రాసియున్నదిగాని, ఆబ్దికము మరునాడని ఆదుర్దాలో నున్నవారికి ఆ వాక్యము కనబడదు. మా కుర్రవాడు రెండు మారులు మాత్రమే శుభ్రపరచి, "పొద్దున్నే చూడండి, ఈలోగా ముట్టుకోకండి" అని వెళ్ళిపోయినాడు. మా బావమరది మందుల షాపునుండి పిచికారీ తెచ్చి స్పిరిటు ఎక్కింతమని సిద్ధపడగా, మా మేనత్తగారే "ఆ అబ్బాయి వద్దన్నాడు గదా" అని గది తలుపు గడియ పెట్టినారు. ఆమె చేసినది సరియైన పని. పిచికారీ ఒత్తిడికి హెడ్డులోని సున్నితపు పొరలు చినుగును; స్పిరిటు కొన్ని హెడ్డుల జిగురును వదలగొట్టును. అట్లు పాడైన హెడ్డును మార్చుటకు అయ్యెడు ఖర్చు ఒక్కొక్కప్పుడు క్రొత్త ప్రింటరు ధరకు దగ్గరగా ఉండును.

హెడ్డు కార్ట్రిడ్జిలోనే ఉన్నవారికి మాత్రము ఒక ఇంటి చికిత్స కలదు. పీచు విడువని మెత్తని గుడ్డను గోరువెచ్చని డిస్టిల్డు నీటిలో తడిపి, పిండి, మడతపెట్టి, రంధ్రముల పలకను దానిపై ఒకటి రెండు నిమిషములు ఆనించి ఉంచవలెను. గుడ్డపై రంగు చారలు దిగినచో దారి తెరచుకొన్నదన్నమాట. రాగిచుక్కలకు సిరా అంటకుండ జాగ్రత్త పడవలెను. పలకను గట్టిగా రుద్దరాదు. ఈ జాతి వానిలో సిరా అయిపోయిన తరువాత గూడ మొండిగా ముద్రించుట హానికరము. వేడెక్కు పొరను చల్లార్చుటకు సిరా లేక అది కాలిపోవును. ఆ కార్ట్రిడ్జిని మరల నింపి లాభము లేదు.

పంపు పీల్చిన సిరా ఎక్కడికి పోవునో గూడ తెలిసియుండుట మంచిది. యంత్రము అడుగున దళసరి దూదివంటి మెత్త ఉండును. అదియంతయు దానిలో ఇంకును. ఎంత సిరా పోసినదో ప్రింటరు లెక్కపెట్టుచునే యుండును. లెక్క నిండిననాడు కొన్ని యంత్రములు ముద్రణ మానివేయును. అప్పుడు మెత్త మార్పించి లెక్క సరిచేయింపవలెను. కొన్ని క్రొత్త నమూనాలలో ఆ మెత్త గల పెట్టెను మనమే మార్చుకొనవచ్చును.

సిరా ఎండుటకు మన అలవాట్లే చాలవరకు కారణము. సిరాలో గ్లైకాలు వంటి ద్రవములను, తడి నిలుచుటకే, కలిపియుంతురు. అయినను రోహిణీకార్తె వేడిగాడ్పు దేనినైనను ఎండించును. అందుచేతనే ప్రింటరు పని ముగిసిన వెంటనే హెడ్డును ఒక ప్రక్కకు తీసికొనిపోయి, రబ్బరు మూతపై కూర్చుండబెట్టును. పెరుగుగిన్నెపై మూతవంటిది అది. యంత్రముపైనున్న మీటతో ఆపినపుడు ఈ పని పూర్తియైన పిమ్మటనే అది నిద్రించును. గోడమీది స్విచ్చిని టప్పున తీసివేసినచో హెడ్డు ఎక్కడ ఉన్నదో అక్కడనే, మూత లేక, నోరు తెరచుకొని నిలిచిపోవచ్చును. మేము చేసిన తప్పు ఇదియే. సంక్రాంతి ఫోటోలు ముద్రించిన రాత్రి, నిద్రవేళ ఇంటిలోని స్విచ్చిలన్నియు వరుసగా తీసివేయు అలవాటు చొప్పున దానినిగూడ తీసివేసితిమి. నాలుగు మాసములు హెడ్డు గాలికి ఎండినది. మెజెంటా ఒక్కటే ఎండి తక్కినవి బ్రతికినవనిన అది మా అదృష్టము.

ముద్రణ నడుమ కరెంటు పోయినపుడును ఇంతే జరుగును. మన ఊళ్ళలో ఇది అరుదు కాదు. కరెంటు వచ్చిన వెంటనే ప్రింటరును ఒకసారి వెలిగించి, హెడ్డు తన స్థానమునకు చేరువరకు ఆగి, దాని మీటతోనే ఆర్పవలెను. పనిలేక మాటిమాటికి వెలిగించి ఆర్పుటయు మంచిది కాదు. వెలిగించినపుడెల్ల కొంత సిరాతో తనను తాను శుభ్రపరచుకొను యంత్రములు కలవు. వారమునకొకసారి అన్ని రంగులు గల చిన్నబొమ్మ నొకదానిని ముద్రించినచో వేసవిలోకూడ రంధ్రములు తడియారవు. కిటికీ ఎండ పడని చోట ఉంచి, గుడ్డ కప్పుట మామూలు జాగ్రత్త.

కార్ట్రిడ్జి క్రొత్తదైనను యంత్రము దానిని గుర్తింపకపోవుట మరియొక చిక్కు. తొందరలో అంటుపట్టీ తీయుట మరచుట ఇందులో మొదటిది. పట్టీ ఉన్నచో గాలి లోపలికి పోక సిరా దిగదు, లేదా రాగిచుక్కలు తగులవు. అట్లని కనబడిన కాగితమెల్ల పీకివేయరాదు. పెట్టెపై బొమ్మలో చూపిన పట్టీని మాత్రమే తీయవలెను. రెండవది వ్రేలిజిడ్డు. చిప్పును, యంత్రములో దానికి తగులు చుక్కలను పీచులేని గుడ్డతో సుతారముగా తుడిచి, టక్కుమను చప్పుడు వినబడువరకు కార్ట్రిడ్జిని నొక్కవలెను. ఇవి రెండును కానిచో చిప్పునే అనుమానింపవలెను. ఆయా దేశములకు వేరువేరుగా చిప్పులు చేయు కంపెనీలు కలవు. అమెరికాలోనున్న కుమారుడు వచ్చుచు వచ్చుచు పెట్టెలో పెట్టి తెచ్చిన కార్ట్రిడ్జి, అంకె సరిగా ఉన్నను, ఇక్కడ కొన్న ప్రింటరులో పనిచేయకపోవచ్చును. ఇతరులు తయారుచేసిన చౌక కార్ట్రిడ్జీలదియు ఇట్టి కథయే. 2016 సెప్టెంబరులో హ్యూలెట్ పాకార్డ్ వారి కొన్ని ప్రింటర్లు ఇతరుల చిప్పులు గల కార్ట్రిడ్జీలను ఉన్నట్టుండి నిరాకరించినవి. గగ్గోలు పుట్టగా ఆ నెల చివరను కంపెనీవారు, ముందు చక్కగా తెలుపనందుకు క్షమాపణ చెప్పి, ఆ నిర్బంధమును తొలగించు వీలు కల్పింతుమని ప్రకటించిరి. చౌకవానిని కొనరాదని మేము అనము. కొనువారు తిరిగి తీసికొను షాపులో కొనవలెను, అంతే.

సిరా అయిపోయినదని యంత్రము చెప్పుమాటను ఎంతవరకు నమ్మవలెను? చాల కార్ట్రిడ్జీలలో సిరాను కొలుచు సాధనము లేదు. ఎన్ని బిందువులు విడిచినదో లెక్కించి మిగిలినది ఊహించును. హెడ్డులోనికి గాలి పోకుండ కొంత సిరాను అడుగున మిగిల్చియే ఆపును. హెడ్డు యంత్రములోనున్నవారు ఆ కొంచెముకొరకు ఆశపడి లెక్కను ఏమార్చుట గిట్టుబాటు బేరము కాదు. ట్యాంకులలో సీసాలతో సిరా పోసికొను ప్రింటర్లు ఇపుడు మన ఇండ్లలో ఎక్కువగా కనబడుచున్నవి. వానికి చిప్పుల బెడద తక్కువ. ట్యాంకుపై గీచిన క్రింది గీతకు దిగకుండ చూచుకొనవలెను; దిగినచో గొట్టములలో గాలి చేరును. ఇల్లు మారునపుడు ప్రింటరును ప్రక్కకు వాల్చరాదు. నీటిలో కరుగు రంగుతో చేసిన సిరాను, పొడి కలిసిన పిగ్మెంటు సిరాను ఒకే ట్యాంకులో ఎన్నటికిని కలుపరాదు.

సిరాది కాని తప్పును సిరాపై వేయుటయు కలదు. ఫోటో కాగితమునకు ఒక ప్రక్కనే పూత ఉండును. వెనుకప్రక్క ముద్రించినచో సిరా ఇంకక మడుగు కట్టును. తడివ్రేలితో మూలను తాకినచో అంటుకొనునది పూతగల ప్రక్క. కంప్యూటరులో కాగితము రకము మామూలుదని ఉంచి మెరుగు కాగితము పెట్టినను రంగులు బురద బురదగా వచ్చును. మేము చెడగొట్టిన ఎనిమిది కాగితములలో రెండింటికి కారణము ఇదియేనని పిమ్మట తెలిసినది.

మరునాటి ఉదయము ఆరు గంటలకు, వంటవారు రాకమునుపే, పరీక్షా పుట తీసితిమి. మెజెంటా గడిలో రెండు గీతలు మాత్రము తెగియున్నవి. ఒకసారి శుభ్రపరచగా అవియు అతికినవి. ఫోటో ముద్రించితిమి. బూడిదఛాయ బూడిదఛాయగా, కనుబొమల నడుమ ఉన్న చిన్న గాటుతోసహా వచ్చినది. ఆ గాటు మూలపు ఫోటోలో మాకు ఎన్నడును కనబడలేదు. చిన్నతనమున నూతిగట్టుపై పడినప్పటిదని మా మేనత్తగారు చెప్పినారు. పటము కట్టువాడు ఇంకను షాపు తెరవలేదు గనుక ఆ పూటకు అట్టపై అతికించి పీటమీద పెట్టితిమి.

ఆ వేసవినుండి ఆదివారము ఉదయమున ఒక చిన్నఫోటో ముద్రించు బాధ్యత మా మేనత్తగారు స్వీకరించినారు. పెరటిలోని మందారము ఒక వారము, ఎదురింటివారి దూడ ఒక వారము. ఆపునపుడు గోడ స్విచ్చివంక ఎవరు చేయి చాచినను ఆమె ఊరకుండరు.